వెంట వచ్చే నీళ్ళు

సింగన్నగడ్డలో తెల్లారిందని చెప్పేవి దుర్గాబాయి పాల క్యాన్లే. ఆమె ఆ రెండు క్యాన్లనూ ఒకదానికొకటి తగిలిస్తూ చెరువు ఒడ్డుకు దిగుతుంటే, ఆ చప్పుడుకు మిగతా ఊరు తలుపులు తీసేది. కొత్తిమీర గంపలు, పాలకూర మూటలు, టిఫిన్ డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్ళు, బడికి పోయే పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వరసలో నిలబడేవారు. వాళ్ళందరినీ శామీర్‌పేట చెరువు దాటించి హైవే పక్కకు చేర్చే పని మైసయ్యది. ఆయనకు ఉన్నది ఒక తెడ్డు, ఒక వెదురు పుట్టి. పుట్టి అంటే అడుగున తారు పూసిన పెద్ద గంప అనుకోండి. ఒక్కసారికి నలుగురైదుగురు, రెండు క్యాన్లు, ఒకటో రెండో గంపలు పడతాయి. మిగతావాళ్ళు తర్వాతి తడవ కోసం ఆగాలి.

రోడ్డు లేదని కాదు. ఉంది. చెరువు చుట్టూ తిరిగి, ప్లాట్ల హద్దురాళ్ళు పాతిన పొలాల మధ్య గుంతల్లో పడి లేస్తూ పోతుంది. ఆ దారిన ఆటోలో పోతే పాలు సగంలోనే వేడెక్కుతాయి, కొత్తిమీర తల వాల్చేస్తుంది, ఆటోవాడి చేతిలో పెట్టాక మిగిలిన చిల్లర చూసుకుంటే ఈ మాత్రం దానికి ఇంత దూరం ఎందుకొచ్చామా అనిపిస్తుంది. పుట్టిలో అయితే తీరిగ్గా ఒక టీ తాగినంత సేపు. ఆ తేడా మీదే సింగన్నగడ్డ బతికింది. ఆ తేడా వల్లే దుర్గాబాయి ఇంకో బర్రెను కొనుక్కుంది, ఆడవాళ్ళు తుర్కపల్లి ల్యాబుల్లో, జీడిమెట్ల కంపెనీల్లో పనికి కుదిరారు. బరువులు మాత్రం పుట్టి మోయలేదు. దాణా బస్తాలు, ఎరువులు, సిమెంటు రోడ్డు మీదే వచ్చేవి. వచ్చేసరికి వాటి ధరకు రెక్కలు మొలిచేవి.

పుట్టి దిగేవాళ్ళు ఒక మాట అనాలి. "పోయొస్త మామా" అనాలి. మైసయ్య "ఈడనే ఉంట" అనాలి. ఎవరు పెట్టిన ఆనవాయితీయో తెలియదు. ముందురోజు సాయంత్రం గట్టు దగ్గర తిట్టుకున్నవాళ్ళు కూడా పొద్దున ఆ రెండు మాటలూ అనుకోకుండా విడిపోయేవారు కాదు. అనకుండా పోతే ఆ రోజు కూలి దొరకదని నమ్మకం.

ఇక నీళ్ళ సంగతి. నీళ్ళు మైసయ్య వెంట వచ్చేవి. వానాకాలంలో అది ఎవరికీ తెలిసేది కాదు, చెరువు ఊరి కాళ్ళ దగ్గరే ఉండేది కనక. ఎండాకాలం వచ్చి, చెరువు ముడుచుకుని, ఊరికీ నీటికీ మధ్య పగుళ్ళు పట్టిన బురద మిగిలినప్పుడు తెలిసేది. మైసయ్య తలపాగా చుట్టుకుని బయటికొస్తే చాలు, ఎక్కడో నడిమధ్యన ఉన్న నీళ్ళు కదిలి ఆయన మడమల దాకా వచ్చేవి. పుట్టి తేలడానికి ఎంత కావాలో అంతే. ఆయన నడిస్తే నడిచేవి, బీడీ ముట్టించుకోవడానికి నిలబడితే నిలబడేవి, రాత్రి పడుకుంటే గడప బయట ఆగేవి. ఆయనకు ముందు ఆయన తల్లి శివమ్మ వెంట వచ్చేవట. శివమ్మను పూడ్చిపెట్టి తిరిగొస్తుంటే కొడుకు వెంట పడ్డాయట.

కోడలు రోజారాణి కాపురానికి వచ్చిన కొత్తలో గడప దగ్గర తడి చూసి కుండ కారుతోందేమో అనుకుంది. అప్పటికింకా బతికున్న అత్త, "మీ మామ నీళ్ళు. ఓ గోనెపట్ట ఎయ్యి" అని తన పని తాను చూసుకుంది. ఆనాటి నుంచి రోజారాణి గోనెపట్టలు మారుస్తూనే ఉంది.

ఇలాంటి మామ ఉండటం గొప్ప అనుకునేరు. ఆయన బతుకంతా చెరువు ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మధ్యనే గడిచింది. కన్నకూతురి పెళ్ళి మేడ్చల్ అవతల మగపెళ్ళివారి ఊళ్ళో జరిగితే, పెళ్ళివాళ్ళను హైవే దగ్గర బస్సెక్కించి అక్కడే ఆగిపోయాడు. తాను పోతే నీళ్ళూ పోతాయి. ఆ పూట దుర్గాబాయి పాలు విరుగుతాయి, నలుగురి కూలి పోతుంది. కొత్త తువ్వాలు ఒకటి బస్సు కిటికీలోంచి అల్లుడికని అందించి, "ఈడనే ఉంట" అన్నాడు. కూతురు ఆ మాటను ఈనాటికీ క్షమించలేదు. ఊరందరినీ సంపాదనకు దాటించిన మనిషి తాను మాత్రం ఏ సంపాదనకూ దాటలేదు. రోజారాణి ఇదంతా కళ్ళారా చూసింది. చూసి, నాకీ బతుకు వద్దు అని మనసులో గట్టిగా అనుకుంది.

ఆమె తుర్కపల్లిలో ఒక ల్యాబులో గాజుసామాను కడిగే పని చేసేది, కాంట్రాక్టు మీద. కంపెనీ క్యాబు పొద్దున్నే హైవే మీద ఆగేది, ఆలస్యమైతే ఎవరి కోసమూ ఎదురుచూసేది కాదు. పర్మినెంటు చేస్తామని సూపర్‌వైజరు చాలాకాలంగా ఆశ పెడుతున్నాడు. పర్మినెంటు అయితే తుర్కపల్లిలోనే చిన్న గది తీసుకోవచ్చు. జబ్బు చేస్తే ఆస్పత్రి ఖర్చు వాళ్ళదే. కూతురు ప్రియాంక పదో తరగతి అవగానే మంచి కాలేజీలో చేరుతుంది. ఇంటి ముందు బురద ఉండదు, గడప దగ్గర గోనెపట్ట ఉండదు. రోజారాణికి జీవితంలో కావలసింది ఆ ఒక్కటే.

పోయిన ఏడాది మే నెలలో కృష్ణారావు అనే ఇంజనీరు సింగన్నగడ్డకు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, శామీర్‌పేటలో కొత్తగా వెలిసిన కాలనీలో ఉంటాడు. నదుల్లో పడవలు తిప్పే పథకం ఒకటి వచ్చిందట, అందులో ఇలాంటి పెద్ద చెరువులను కూడా కలిపారట. మంజూరైతే మోటారు పడవ వస్తుంది, రెండు వైపులా సిమెంటు రేవు కడతారు, సరుకు దించుకోవడానికి షెడ్డు వేస్తారు, ఎండాకాలం కూడా పడవ తిరిగేలా అడుగున పూడిక తీసి కాలువ లోతు చేస్తారు. ఆ ముందు వారమంతా రోజారాణి, దుర్గాబాయి కూచుని ఏమేం చెప్పాలో అనుకున్నారు. విరిగిన పాల గురించి, వాడిన కూర గురించి, క్యాబు తప్పి పని పోగొట్టుకున్న ఆడపిల్లల గురించి, ఒక్కటీ మరవకుండా చెప్పాలి.

తీరా ఆయన వచ్చేసరికి ఊరు వాకిళ్ళు ఊడ్చి, నీళ్ళు చల్లి, ఎవరింట్లోనో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. మైసయ్య ఉతికిన తలపాగా చుట్టుకుని ఎదురెళ్ళాడు. ఆయన వెంట నీళ్ళూ వచ్చాయి. కృష్ణారావు ప్యాంటు పైకి మడుచుకుని, కొలకర్ర ముంచి లోతు చూసుకున్నాడు.

"మే నెలలో కూడా ఈ మాత్రం లోతు ఉందంటే చాలా సంతోషమండీ" అన్నాడు. "సరే, మీకున్న ఇబ్బందులేమిటో చెప్పండి. మొహమాటపడకండి, నేను రాసుకోవాలి."

మైసయ్య చేతులు జోడించాడు. "మాకేం తక్లీబ్ లేదు సారూ. మీరు సల్లగుంటె అదే సాలు."

"పాలవాళ్ళకీ, కూరగాయల వాళ్ళకీ ఏమైనా కష్టంగా ఉందా?"

దుర్గాబాయి నోరు తెరిచింది. తెరిచి, "ఎండల వడి వచ్చినవ్ బిడ్డా. ముందుగాల సల్ల తాగు" అంది.

మాకేం తక్కువ, అంతా బాగానే ఉంది అనడం అక్కడివాళ్ళకు నోట్లో నానిన మాట. గడప తొక్కిన మనిషి ముందు కష్టం చెప్పుకోవడమంటే చెయ్యి చాచడమే. రోజారాణి ఒక్కతే ముందుకు వచ్చింది. మైసయ్య ఆమె వైపు చూశాడు. కోపంగా కాదు, ఇంటి పరువు నీ చేతిలో ఉంది బిడ్డా అన్నట్టు చూశాడు. కృష్ణారావు, "మీరేమైనా చెబుతారా అమ్మా?" అన్నాడు.

"ఏం లేదు సార్" అంది రోజారాణి.

ఆయన్ను పుట్టిలో ఎక్కించుకుని, ఒక్క చుక్క మీద పడకుండా అవతలి ఒడ్డున దించారు. చేతిలో కొత్తిమీర కట్ట పెట్టారు. ఆయన కూడా మర్యాద తెలిసినవాడే, "పోయొస్తానండీ" అన్నాడు. మైసయ్య, "ఈడనే ఉంట సారూ" అన్నాడు.

వానలు మొదలయ్యాక రోజారాణి సెలవు పెట్టి మేడ్చల్‌లో ఆయన ఆఫీసుకు వెళ్ళింది. కృష్ణారావు కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు.

"ఇబ్బంది లేదని మీరే చెప్పారు కదమ్మా. ఏడాది పొడవునా దాటుతున్నారు, లోతు ఉంది. దారి ఆగిపోయిన ఊళ్ళకే ముందు ఇస్తున్నారు."

"గా నీళ్ళు మా మామయి సార్. ఆయన ఉన్నన్ని దినాలే."

"నేను చూశాను కదమ్మా, కాదనను. కానీ పైవాళ్ళకు ఎవరి నీళ్ళన్నది లెక్క కాదు, దారి నడుస్తోందా లేదా అన్నదే లెక్క. ఆయన చల్లగా ఉండాలి. ఒకవేళ ఎప్పుడైనా దారి ఆగిపోతే రాయండి. నేనే మళ్ళీ వస్తాను."

మంచివాడే. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రోజారాణికి రాలేదు. తన మీదే వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూచుని, ఆ రోజు నా నోరు పడిపోయిందా అని దారంతా తిట్టుకుంది.

ఈ ఏడాది ఎండలు ముదురుతుండగా మైసయ్య పోయాడు. పుట్టిలోనే, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని. పుట్టి ఎప్పటిలాగే ఒడ్డుకు చేరింది. ఒక్కొక్కరే దిగుతూ "పోయొస్త మామా" అన్నారు. ఎవరికీ జవాబు రాలేదు. అందరూ దిగాక, దుర్గాబాయి మళ్ళీ వెనక్కి తిరిగి, "మామా, పోయొస్త" అంది. అప్పుడు తెలిసింది వాళ్ళకు.

పూడ్చిపెట్టి వచ్చేటప్పుడు అందరూ వెనక్కి తిరిగి తిరిగి చూశారు, నీళ్ళు ఎవరి వెంట వస్తాయోనని. రోజారాణి భర్త ఆకాశ్, తండ్రి తలపాగా చుట్టుకుని ఒడ్డున చాలాసేపు నిలబడ్డాడు. నీళ్ళు చెరువు నడిమధ్యకు వెళ్ళి అక్కడే కూచున్నాయి. ఆకాశ్ తలపాగా విప్పి భుజాన వేసుకుని, జీడిమెట్ల పనికి దగ్గరగా ఉంటుందని సూరారంలో తోటి హమాలీల గదికి వెళ్ళిపోయాడు.

దారి ఆగిపోయింది. ఆగిపోతే ఎలా ఉంటుందో సింగన్నగడ్డకు అప్పటిదాకా తెలియదు. దుర్గాబాయి క్యాన్లు ఆటోలో పంపి చూసింది, విరిగాయని పాల కేంద్రంవాళ్ళు తిప్పి పంపారు. ఆ పాలను ఆమె పశువుల కుడితిలో పోసి, వారం తిరక్కుండా ఒక బర్రెను అమ్మేసింది. క్యాబులు తప్పిన ఆడపిల్లలకు పనులు పోయాయి. కొత్తిమీర కోసేవాళ్ళు లేక మళ్ళలోనే పూత పట్టింది. ప్లాట్లు అమ్మేవాళ్ళ కార్లు ఆ గుంతల రోడ్డు మీద రోజూ కనిపించసాగాయి, వాళ్ళకు ఆ రోడ్డు కష్టంగా ఉన్నట్టు లేదు. ఒక్కో ఇంటికీ తాళం పడుతుంటే మిగిలినవాళ్ళు ఎవరి మొహం ఎవరూ చూసుకోలేక తలలు దించుకుని తిరిగేవారు.

దారి ఆగిందని ఊరంతా వేలిముద్రలు, సంతకాలు పెట్టి రాసి పంపారు. కృష్ణారావు ఫోను చేసి, వచ్చే వారం వస్తానన్నాడు. ఈసారి ఎవరూ సల్ల ఇవ్వకూడదని దుర్గాబాయి అందరికీ చెప్పి పెట్టింది.

అదే సమయంలో ల్యాబు నుంచి కబురొచ్చింది. చీకటితోనే లేచి చెరువు అంచెంట నడిచి క్యాబు అందుకుంటున్న రోజారాణిని పర్మినెంటు చేశారు. సోమవారం పొద్దున చేరాలి. "మొదటిరోజు లేట్ రాకు" అన్నాడు సూపర్‌వైజరు. ఆ రాత్రి రోజారాణి ప్రియాంకను పక్కన పడుకోబెట్టుకుని, తుర్కపల్లిలో గది ఎలా ఉండాలో, కిటికీ ఏ వైపు ఉండాలో చెప్పింది. చాలా ఏళ్ళకు ఆమె నవ్వింది.

సోమవారం పొద్దున తలుపు తీస్తే గడప దగ్గర గోనెపట్ట తడిసి ఉంది.

కుండ కారుతోందేమో అనుకుంది రోజారాణి. అలా అనుకోవడమే ఆమెకు కావాలి. గోనెపట్ట మీదుగా అడుగు వేసి, వెనక్కి చూడకుండా, ఎండిన చెరువు అంచు పట్టుకుని హైవే దాకా దాదాపు పరుగెత్తింది. క్యాబు సిద్ధంగా ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూచుని, కొంగుతో చెమట తుడుచుకుంది.

కొంతదూరం పోయాక డ్రైవరు జనార్ధన్ అద్దంలోకి చూశాడు. "అక్కా, ఎనక నీళ్ళొస్తున్నయి. నీయేనా?"

పక్కనున్న ఆడపిల్లలు కాళ్ళు పైకి తీసుకుని ముడుచుకు కూచున్నారు.

"నీయే ఉన్నట్టున్నయి" అన్నాడు జనార్ధన్ మామూలుగా. "బ్రేకులు తడుస్తున్నయి, జర మెల్లగ పోత."

అప్పుడు ఆమె వెనక్కి చూసింది. తారు రోడ్డు మీద నీళ్ళు వస్తున్నాయి. క్యాబు వేగానికి అందుకోలేక, గుంతల్లో తడబడుతూ, లారీల చక్రాల కింద చిట్లి మళ్ళీ కూడుకుంటూ వస్తున్నాయి. వాటితోపాటు కొట్టుకొచ్చిన చిన్న చిన్న జెల్ల, పరిగె చేపలు రోడ్డు మధ్యన పడి ఎగిరెగిరి పడుతున్నాయి. చెరువులో మిగిలిందే కొంచెం. ఆ కొంచెమూ ఆమె కోసం బయల్దేరి వచ్చింది.

ఆమె మనసులో లెక్కలన్నీ ఒక్కసారే తిరిగాయి. తాను తిరిగి పోతే దారి నడుస్తుంది. దారి నడిస్తే కృష్ణారావు వచ్చి ఇబ్బంది లేదనే రాసుకుంటాడు, ఇక ఎన్నటికీ పడవ రాదు. తిరిగి పోకపోతే దారి ఆగినట్టే, పడవ మంజూరవుతుంది. కానీ ఆ పడవ దేని మీద తేలుతుంది? నీళ్ళు తుర్కపల్లిలో ఆమె గది గడప బయట ఉంటాయి. ఎటు చూసినా తానే అడ్డు. మామ ఆ రోజు అంత మర్యాదగా చేతులు జోడించకపోతే, తాను చెప్పాల్సిన కష్టాన్ని గొంతులో అణుచుకోకపోతే, ఈపాటికి చెరువులో కాలువ ఉండేది, రేవు ఉండేది, నీళ్ళు ఎవరి వెంట తిరిగితే ఎవరికి పట్టేది.

"బండి ఆపు తమ్మీ" అంది.

"లేట్ అయితది అక్కా. ఇయ్యాల నీ మొదటిరోజు గద."

"ఎరుకనే. ఆపు."

ఆమె దిగింది. క్యాబు కాసేపు ఆగింది, మనసు మార్చుకుంటుందేమోనని. తర్వాత వెళ్ళిపోయింది. తుర్కపల్లి ఇంకెంతో దూరం లేదు, ల్యాబుల అద్దాల గోడలు అక్కడికే కనిపిస్తున్నాయి. రోజారాణి రోడ్డు పక్కన రాయి మీద కూచుని గుండె పగిలేలా ఏడ్చింది. నీళ్ళు వచ్చి ఆమె పాదాల దగ్గర ఆగాయి. వాటిని తిడదామనుకుంది. అవి మురికిపట్టి, ఆయాసపడుతూ ఉన్నాయి. కొంగులోకి ఏరగలిగినన్ని చేపలు ఏరి వాటిలో వదిలి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

చెరువులో అడుగు కనిపిస్తోంది. కొంగలు వాలి ఉన్నాయి. బురదలో మోకాళ్ళ దాకా దిగబడి, మిగిలిన ఒక్క బర్రె పాల క్యానును నెత్తిన పెట్టుకుని దుర్గాబాయి అడ్డంగా దాటడానికి తంటాలు పడుతోంది. ఆమె రోజారాణిని చూసింది. రోజారాణి వెనక వస్తున్నవాటిని చూసింది. క్యాను దింపుకుని బావురుమంది.

"నువ్వు పోవద్దా బిడ్డా" అంది. "పోకపోతివి."

"పోయిన చిన్నమ్మా. తిరిగొచ్చిన" అంది రోజారాణి.

మామ పోయినప్పటి నుంచి ఇంటి గోడకు ఆనించి బోర్లించి ఉన్న పుట్టిని ఇద్దరూ కలిసి తిప్పారు. నీళ్ళు దాని కిందికి చేరాయి.

కృష్ణారావు చెప్పిన ప్రకారమే వచ్చాడు. రోజారాణి ఈసారి మొహమాటపడలేదు. ఆయన్ను పుట్టిలో కూచోబెట్టుకుని, తెడ్డు వేస్తూ, విరిగిన పాల నుంచి తన పోయిన ఉద్యోగం దాకా అన్నీ చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నాడు, అన్నీ రాసుకున్నాడు. అవతలి ఒడ్డు వచ్చాక ఇబ్బందిగా ఆమె మొహంలోకి చూశాడు. "నడుస్తోంది కదమ్మా" అన్నాడు నెమ్మదిగా. పడవ రాలేదు. దుర్గాబాయి మళ్ళీ ఇంకో బర్రెను బేరం చేస్తోంది. తాళాలు పడ్డ ఇళ్ళలో కొన్ని తెరుచుకున్నాయి.

జూన్‌లో ప్రియాంకకు మేడ్చల్‌లో కాలేజీ మొదలైంది. మొదటిరోజు అందరికంటే ముందు వచ్చి పుట్టిలో కూచుంది, కొత్త బట్టలు తడవకుండా ఒడ్డున రాయి మీద కాలు పెట్టి దిగింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"పోయొస్త అమ్మా."

పిల్ల జవాబు కోసమే నిలబడి ఉంది. పుట్టిలో ఉన్నవాళ్ళూ చూస్తున్నారు.

"ఈడనే ఉంట" అంది రోజారాణి.

ప్రియాంక గట్టెక్కి హైవే వైపు నడిచింది. రోజారాణి తెడ్డు పట్టుకుని, పిల్ల అడుగులు పడిన చోట మట్టిని చూస్తూ నిలబడింది. ఒడ్డు నుంచి హైవే దాకా, పిల్ల బస్సు ఎక్కేదాకా, ఒక్కో అడుగులోనూ తడి ఉందేమోనని వెతికి వెతికి చూసింది. మట్టి పొడిగానే ఉంది. "రేపు కూడా గిట్లనే ఉండాలె" అని నీళ్ళతో అంది, ఆ తర్వాత పుట్టిని తిప్పింది.